పాత బ్రేయర్ గుర్రం ఇంటికొచ్చాక: నా అనుభవం

గుర్రం బొమ్మ చేతికి రాగానే అందరూ రంగు చూస్తారు. నేను ముందు వాసన చూస్తాను. పొట్ట కింద, వెనక కాళ్ల సందులో ముక్కు పెట్టి ఒకసారి గట్టిగా పీలుస్తాను. ఫ్లీ మార్కెట్లో, అంటే పాత సామాన్ల సంతలో, పక్కనున్నవాళ్లు వింతగా చూస్తారు, చూడనీండి. వెనిగర్ వాసన తగిలితే, ఎంత చవగ్గా ఇస్తానన్నా దాన్ని అక్కడే వదిలేయడం నయం.

ఎందుకో తెలియాలంటే ఈ బొమ్మలు దేంతో పోశారో తెలియాలి. నేను కొనేవి బ్రేయర్ గుర్రాలు. షికాగోలో బ్రేయర్ మోల్డింగ్ కంపెనీ అని ప్లాస్టిక్ సామాన్లు పోసే కంపెనీ ఒకటుండేది. 1950 ప్రాంతంలో మాస్టర్‌క్రాఫ్టర్స్ అనే గడియారాల కంపెనీ తమ గడియారం మీద నిలబెట్టడానికి వీళ్లచేత ఒక గుర్రం చేయించుకుంది. ఆ అచ్చు చివరికి బ్రేయర్ చేతికే వచ్చింది. అదే 57వ నంబరు వెస్టర్న్ హార్స్, ఈ గుర్రాలన్నిటికీ మూలపురుషుడు. తర్వాత చాలా ఏళ్లు క్రిస్ హెస్ అనే శిల్పి అచ్చుల మీద అచ్చులు చెక్కాడు. 1980ల మధ్యలో కంపెనీ రీవ్స్ ఇంటర్నేషనల్ చేతికి వెళ్లింది. ఇప్పుడు ఆఫీసు న్యూజెర్సీలో పెక్వానాక్ అనే ఊళ్లో ఉంది, తయారీ చైనాకు పోయింది.

సైజుల సంగతి క్లుప్తంగా చెబుతాను. ట్రెడిషనల్ అంటే అసలు గుర్రంలో తొమ్మిదో వంతు, సుమారు తొమ్మిది అంగుళాల ఎత్తు. క్లాసిక్ పన్నెండో వంతు. స్టేబుల్‌మేట్ ముప్ఫై రెండో వంతు, గుప్పిట్లో ఇమిడిపోతుంది. ఇక్కడ చెప్పేదంతా ట్రెడిషనల్ గురించే. సెకండ్‌హ్యాండ్‌లో ఎక్కువగా దొరికేవీ, ఎక్కువగా దెబ్బలు తిని వచ్చేవీ అవే.

ఈ గుర్రాలు పోసిన ప్లాస్టిక్ సెల్యులోజ్ అసిటేట్. రెండు సగాలుగా పోసి, అతికించి, అతుకు అరగదీసి, ఎయిర్‌బ్రష్‌తో చేత్తో రంగు కొడతారు. లోపలంతా బోలు. పాత సినిమా రీళ్లకు వాడింది కూడా ఈ అసిటేటే. గోడౌన్లో మూలపడ్డ రీలు డబ్బా మూత తీస్తే గుప్పుమని పుల్లటి వాసన కొడుతుందని సినిమావాళ్లు చెప్పడం మీరు వినే ఉంటారు. గుర్రానికి పట్టేదీ ఆ జబ్బే. ప్లాస్టిక్ విరిగిపోతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది, ఆ ఆమ్లం మిగతా ప్లాస్టిక్‌ను ఇంకా తొందరగా విరగ్గొడుతుంది. వేడి, తేమ తోడైతే ఇక చెప్పక్కర్లేదు. ఒకసారి మొదలైతే ఆగదు, నెమ్మదింపజేయడం ఒక్కటే మన చేతిలో ఉన్నది. 1980ల చివర్లో వచ్చిన కొన్ని గుర్రాల్లో ఈ జబ్బు మరీ ఎక్కువ. అవి ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుపోతాయి. ఒళ్లు జిడ్డుగా చెమట పట్టినట్టుంటుంది, కాళ్లు దగ్గరికి ముడుచుకుంటాయి, తెల్లటి చోట్లు టీ డికాషన్ రంగుకు తిరుగుతాయి. సేకరించేవాళ్లు వాటిని 'ష్రింకీ' అంటారు. దీనికి తిరగబడ్డ రకం ఇంకోటుంది. కొన్ని గుర్రాల ఒళ్లు పూరీలా ఉబ్బుతుంది, అతుకులు పిగిలిపోతాయి.

వాసన పరీక్ష అయ్యాక చెవి దగ్గర పెట్టుకుని ఊపుతాను. లోపల గలగలమంటే అతుకు దగ్గర మిగిలిన ప్లాస్టిక్ ముక్క ఊడి తిరుగుతోందని అర్థం. దాంతో నష్టమేమీ లేదు. బుడుక్‌మంటే మాత్రం నీళ్లున్నాయి. పాతవాళ్లెవరో సింకులో ముంచి కడిగారన్నమాట. చాలా గుర్రాలకు ముక్కుపుటంలోనో నోటి మూలనో సూది మొనంత బెజ్జం ఉంటుంది. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తే బయటికి పోవడానికి పెట్టిందది. అందులోంచి నీళ్లు లోపలికి పోతే బయటికి రావడం గగనం.

తర్వాత చేత్తో తడుముతాను. చెవుల చివర్లు, ముట్టె, తోక కొస, డెక్కల అంచులు, మోకాళ్లు: ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ రంగు ఒరుసుకుపోతుంది. దీన్ని 'రబ్' అంటారు. రబ్‌లో పైరంగు పోయి కింది ప్లాస్టిక్ కనబడుతుంది, గోటితో తడిమితే అంచు తగలదు. గీత పడి అంచు తగిలితే అది స్క్రాచ్. ఈ రెంటికీ ధరలో తేడా ఉంటుంది గనక అమ్మేవాళ్లు తరచు రెండోదాన్ని మొదటి పేరుతో పిలుస్తారు. రబ్ కింద ముందు సుద్దలాంటి తెల్ల పొర, దాని కింద వేరే రంగు ప్లాస్టిక్ కనబడితే కళ్లు పెద్దవి చేసుకోండి. అది 'చాకీ'. 1970ల్లో తెల్ల ప్లాస్టిక్‌కు కరువొచ్చినప్పుడు, దొరికిన రంగు ప్లాస్టిక్‌తో పోసి, పైన తెల్ల పూత పూసి, దానిమీద రంగు కొట్టిన రకం. వీటికి గిరాకీ ఎక్కువ. పూత పెచ్చులు ఊడుతుంది కాబట్టి తడి కూడా ఆచితూచి తగలనివ్వాలి.

వెనక కాలి లోపలి వైపు గుర్తు ఉంటుంది. గుండ్రటి ముద్రలో బ్రేయర్ మోల్డింగ్ కంపెనీ పేరుంటే షికాగో కాలపు అచ్చు. దాంతోపాటు యూఎస్ఏ అని విడిగా ఉంటే 1970 ప్రాంతం నుంచి తర్వాతిది. రీవ్స్ పేరుంటే అచ్చు యాజమాన్యం మారాక చెక్కింది. ఇక్కడ కొత్తవాళ్లు ఒకచోట పప్పులో కాలేస్తారు. ముద్రలోని సంవత్సరం అచ్చు చెక్కిన సంవత్సరం, మీ చేతిలో ఉన్న గుర్రం తయారైన సంవత్సరం కాదు. 1998 అని ముద్ర ఉన్న స్టేబుల్‌మేట్లు ఆ తర్వాత ఎన్నో ఏళ్లు వస్తూనే ఉన్నాయి. ఒకే అచ్చులో పదుల రంగులు పోస్తారు గనక, రంగూ మచ్చలూ చూసి ఏ విడుదలో పోల్చుకోవాలి.

బంగారు రంగు గుర్రమో నీలిరంగు గుర్రమో దొరికిందని ఎగిరి గంతెయ్యకండి. 1960ల్లో బ్రేయర్ అలాంటివి అలంకారానికని చేసింది, వాటిని డెకరేటర్లు అంటారు. అసలువి చాలా ఖరీదు. ఫ్లీ మార్కెట్లో కనబడేవి చాలావరకు ఇంట్లో స్ప్రే డబ్బాతో కొట్టినవే. ముద్ర అక్షరాలు రంగుతో పూడుకుపోయాయేమో, ముక్కు బెజ్జం మూసుకుపోయిందేమో చూస్తే పది సెకన్లలో తేలిపోతుంది. చిన్న అల్ట్రావయొలెట్ టార్చి కూడా జేబులో ఉంచుకుంటాను. చీకట్లో వేసి చూస్తే ఫ్యాక్టరీ రంగు, తర్వాత దిద్దిన రంగు సాధారణంగా ఒకేలా వెలగవు. అతికించిన కాలు కూడా జిగురు గీతతో సహా బయటపడుతుంది.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు వాసన చూడలేం. అందుకే అమ్మేవాళ్లను పగటి వెలుగులో ఎనిమిది ఫొటోలు అడుగుతాను: రెండు పక్కలు, ముందు, వెనక, పైనుంచి వీపు, పొట్ట అడుగు, చెవులు దగ్గరగా, కాలి ముద్ర. మూడు ప్రశ్నలు కూడా వేస్తాను. ఒళ్లు జిడ్డుగా ఉందా? ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతారా? చదునైన బల్ల మీద నాలుగు డెక్కలూ ఆనతాయా? 'వయసుకు తగ్గట్టు బాగానే ఉంది' అనే జవాబొస్తే అది జవాబు కాదు. ఈ బొమ్మల పోటీల్లో పెట్టగలిగే గుర్రాన్ని లైవ్ షో క్వాలిటీ అంటారు, చెడిపోయి మళ్లీ రంగు వేసుకోవడానికే పనికొచ్చేదాన్ని 'బాడీ' అంటారు. బాడీ ధరకు బాడీ కొనడం తప్పేమీ కాదు. ఏటా జులైలో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో, కెంటకీ హార్స్ పార్కులో బ్రేయర్‌ఫెస్ట్ జరుగుతుంది. ఆ రోజుల్లో చుట్టుపక్కల హోటల్ గదుల్లో మంచాల మీద గుర్రాలు పరిచి అమ్ముతారు. చేత్తో పట్టుకుని చూసి కొనడానికి అంతకంటే మంచి చోటు లేదు. కానీ పాతవి చవగ్గా దొరకాలంటే ఇళ్ల దగ్గర పాత సామాన్లు అమ్మే గరాజ్ సేళ్లే.

ఇక ఇంటికొచ్చాక చేసే పని. ఈమధ్య ఒక గరాజ్ సేల్లో నలభై డాలర్లకు ఒకే పెట్టెలో అయిదొచ్చాయి. పేరున్న పందెం గుర్రం మ్యాన్ ఓ వార్ బొమ్మ, తెల్ల ఒంటికి బూడిదరంగు జూలున్న ఫ్యామిలీ అరేబియన్ స్టాలియన్ (మగ గుర్రం), జీను లేని పాలమినో (బంగారు ఒళ్లు, తెల్ల జూలు) వెస్టర్న్ హార్స్, కాలు వంగిన రన్నింగ్ ఫోల్ అనే గుర్రప్పిల్ల, ముదురు బే రంగుది (గోధుమ ఒళ్లు, నల్ల జూలు) మరొకటి. ఆ ఆఖరిది నాలుగు కాళ్లకూ తెల్ల మేజోళ్లు, మొహాన తెల్ల చార ఉన్న పక్కా పంచకల్యాణి. పెట్టె మొత్తంగానే అమ్ముతామన్నారు, ఆఖరిదాని వాసన తెలిసే తీసుకున్నాను.

కొత్తగా వచ్చినదేదీ ఆ రోజే అల్మారా ఎక్కదు. లాండ్రీ గదిలో తెల్ల కాగితం పరిచి, ఒకదానికొకటి తగలకుండా రెండు వారాలు ఉంచుతాను. జిడ్డు కారే గుర్రమైతే డెక్కల కింద కాగితం మీద మరక పడి అదే పట్టిస్తుంది. ప్లాస్టిక్ సంచిలో మాత్రం మూటగట్టకండి. వదిలిన ఆమ్లం బయటికి పోయే దారిలేక లోపలే తిరుగుతుంది.

కడగడానికి గోరువెచ్చటి నీళ్లు ఒక లీటరు, గిన్నెలు తోమే లిక్విడ్ సోపు రెండు చుక్కలు, మెత్తటి పిల్లల టూత్‌బ్రష్ ఒకటి చాలు. ముక్కు బెజ్జాన్ని ముందుగా చిన్న పేపర్ టేపు ముక్కతో మూస్తాను. ముంచడం లేదు, తడి బ్రష్‌తో తోమడం, వెంటనే తడిగుడ్డతో తుడవడం. జూలు గాడుల్లో, తోక మడతల్లో పేరుకున్న నల్లటి మట్టికి టూత్‌పిక్ వాడతాను. నెయిల్ పాలిష్ రిమూవర్ జోలికి అసలు పోవద్దు. అందులోని అసిటోన్ రంగునే కాదు, ప్లాస్టిక్‌నే కరిగించేస్తుంది. స్పిరిట్ కూడా మెరుపులేని మ్యాట్ రంగును లేపేస్తుంది. తెల్లటి మెలమైన్ స్పాంజి మరకల్ని అద్భుతంగా తీస్తుంది. అయితే అది సన్నటి గరుకు కాగితమే, రంగున్న చోట రెండుసార్లు రుద్దితే కొత్త రబ్ మీరే చేసినట్టు. దాన్ని రంగులేని తెల్ల ప్లాస్టిక్ మీద మాత్రమే వాడతాను.

అరేబియన్ ఒంటి మీది పసుపు రెండు రకాలు కలిసింది. మొదటిది సిగరెట్ పొగ, తోమితే నీళ్లు టీ రంగులో దిగాయి. రెండోది ప్లాస్టిక్‌లోంచే వచ్చిన పసుపు, అది కడిగితే పోదు. దానికి ఎండ వైద్యం. చలికాలంలో కిటికీ లోపలి గట్టు మీద, బూడిదరంగు జూలు, తోకల మీద రెండు మడతల తెల్ల కాగితం కప్పి పెట్టాను. రోజుకోసారి పక్క మార్చాలి, లేకపోతే ఒకవైపు పాలరంగు, ఇంకోవైపు వెన్నరంగు అవుతుంది. అయిదు వారాలు పట్టింది. వేసవిలో ఈ పని చెయ్యకండి. అద్దం వెనక వేడికి కాళ్లు సాగుతాయి. మళ్లీ చీకటి పెట్టెలో మూసి ఉంచితే పసుపు తిరిగొచ్చిన గుర్రాలూ ఉన్నాయి.

ఫోల్ ముందు కాలు లోపలికి వంగి ఉంది. ఎవరి అటకమీదో వేసవుల తరబడి పక్కకు ఒరిగి పడి ఉండి ఉంటుంది. నీళ్లు మరగకాచి, దించి, మూడు నిమిషాలు ఆగి, పొడవాటి గ్లాసులో పోసి, కాలు మాత్రం మునిగేలా పట్టుకున్నాను. నిమిషంన్నరకు ప్లాస్టిక్ బొటనవేలికి లొంగుతుంది. లొంగకపోతే బలవంతం చెయ్యకుండా మళ్లీ ముంచాలి. విరిగేది అక్కడే. కావలసిన దానికంటే వెంట్రుకవాసి ఎక్కువగా అవతలికి వంచి, అలాగే పట్టుకుని చన్నీళ్లలో ఒక నిమిషం ఉంచాలి. ఆ వెంట్రుకవాసి ఎందుకంటే, ఈ ప్లాస్టిక్‌కు పాత అలవాటు పోదు, కొన్ని వారాల్లో కాస్త వెనక్కి వంగుతుంది. మరుగుతున్న నీళ్లలో పెడితే రంగు పొక్కుతుంది, మెరిసే గ్లాసీ రంగైతే మసకబారుతుంది.

వెస్టర్న్ హార్స్‌కు అసలైతే ఊడదీసే ప్లాస్టిక్ జీను, మెడ చుట్టూ లోహపు గొలుసు కళ్లెం ఉంటాయి. జీనుతో సహా దొరకడం అరుదు. గొలుసు మాత్రం ఉంది, అది ఊగి ఊగి మెడ మీద రంగును గీకేసింది. ఎడమ చెవి కొస ఒక గోరంత విరిగి లేదు. దాన్ని అలాగే ఉంచాను. విరిగిన ముక్క చేతిలో ఉంటే సూపర్ గ్లూ చుక్కతో అయిపోయేది. కాలు విరిగితే జిగురొక్కటే నిలవదు. రెండు ముక్కల్లోనూ ఒకటిన్నర మిల్లీమీటర్ల బెజ్జం తొలిచి, పేపర్ క్లిప్ తీగ ముక్క దింపి, సూపర్ గ్లూ వేసి, మీద ఎపాక్సీ పుట్టీ పూసి, ఆరాక 400, 600 నంబరు, నీళ్లతో రుద్దే గరుకు కాగితంతో అరగదీయాలి. ఎంత బాగా చేసినా అది ఇక ఫ్యాక్టరీ గుర్రం కాదు. పోటీలో ఒరిజినల్ ఫినిష్ వరుసలోనూ పెట్టకూడదు, అమ్మేటప్పుడు చెప్పకుండానూ అమ్మకూడదు. రబ్‌కు రంగు దిద్దడమూ అంతే. కొత్తగా చేరేవాళ్లు మొదటి నెలలోనే బ్రష్ పట్టుకుని చెవుల చివర్లన్నీ దిద్దేస్తారు, ఆ దిద్దుబాటుతో ధర సగానికి పడిపోతుంది.

మ్యాన్ ఓ వార్‌తో పెద్ద పని లేదు. 1967లో మొదలై మూడు దశాబ్దాలకు దగ్గరగా వచ్చిన గుర్రమిది, కాబట్టి మామూలు స్థితిలో ఉన్నవి లెక్కలేనన్ని. అచ్చులోనే పోసిన బంగారురంగు హాల్టర్ (తలకు కట్టే పట్టీ) ఒరుసుకోకుండా ఉన్నదానికే విలువ. నా దానికి ముక్కు మీది పట్టీ సగం పోయింది. పొట్టమీద ఏ పిల్లో బాల్‌పెన్‌తో పేరు రాసుకుంది. బాల్‌పెన్ సిరా ప్లాస్టిక్‌లోకి ఇంకిపోతుంది, పైన తోమితే రంగు పోతుంది గానీ సిరా పోదు. ఉండనిచ్చాను. అసలు మ్యాన్ ఓ వార్‌ను తర్వాత కెంటకీ హార్స్ పార్కుకే తరలించి సమాధి చేశారు, పైన నిలువెత్తు విగ్రహం ఉంది. ఆ నిలువెత్తు దాని మీద ఎవరూ పేరు రాయలేదు, నా బుల్లిదాని మీద ఉంది.

అల్మారాలో పెట్టేటప్పుడు గుర్రానికీ గుర్రానికీ నాలుగు వేళ్ల ఎడం వదులుతాను. ఒకటి పడితే పక్కదాన్ని పట్టుకుపోతుంది, ట్రెడిషనల్ గుర్రాలకు చెవులు విరిగేది ఎక్కువగా ఇలాగే. జారకుండా అని కింద రబ్బరులాంటి పీవీసీ మ్యాట్ వేస్తే ఏడాదికి డెక్కలు దానికి అంటుకుపోతాయి. మందపాటి నూలు గుడ్డ చాలు. రబ్బరు బ్యాండుతో చీటీ కట్టొద్దు, అది కరిగి గీత పడుతుంది. నేను నూలుదారంతో చిన్న చీటీ కడతాను. అచ్చు పేరు, ఎక్కడ ఎంతకు కొన్నది, ఏయే లోపాలున్నాయి, నేనేం చేశాను అని రాసి ఉంటుంది. సంక్రాంతికి బొమ్మల కొలువులో వీటినీ పెడదామని ఇంట్లో అడుగుతారు. పెట్టొచ్చు, దీపాలకూ సీరియల్ బల్బులకూ జానెడు దూరంలో. కొండపల్లి బొమ్మ చెక్కది గనక ఆ వేడికి ఊరుకుంటుంది, అసిటేట్ ఊరుకోదు.

ఎవరికైనా పంపాలన్నా, హైదరాబాద్‌కు సూట్‌కేసులో తీసుకెళ్లాలన్నా చుట్టే క్రమం ఒకటే. ముందు టాయిలెట్ పేపర్‌ను తాడులా మెలిపెట్టి కాళ్ల మధ్య, చెవుల మధ్య, తోకకూ తొడకూ మధ్య కూరాలి. తర్వాత గుర్రమంతా నాలుగు పొరలు పేపర్. ఆ పైన బబుల్ ర్యాప్, బుడగలు బయటివైపుకు. బుడగలు నేరుగా ఒంటికి తగిలితే వేడిలో గ్లాసీ రంగుమీద గుండ్రటి మచ్చలు అచ్చు పడతాయి, అవిక పోవు. ఊపితే కదలకూడదు, నొక్కితే కాళ్లమీద బరువు పడకూడదు. పెట్టెలో పెట్టెగా రెండుంటే మేలు. విమానం కంటే భయపడాల్సింది దిగాక. మే నెలలో ఎండలో ఆపిన కారు డిక్కీలో గంట చాలు కాళ్లు వంగడానికి.

అయిదింట్లో మూడు అల్మారా ఎక్కాయి. ఫోల్ కాలు నెలకు మళ్లీ కాస్త వంగింది, ఇంకోసారి వేడినీళ్లు పట్టాలి. పంచకల్యాణి మాత్రం లాండ్రీ గదిలోనే ఉండిపోయింది, కిటికీ దగ్గర, పక్కన గిన్నెలో వంటసోడాతో. తల కాస్త ముందుకు వాలింది, ఎడమ పక్క అతుకు మెడ దగ్గర విచ్చుకుంటోంది. నెలకోసారి మెత్తటి గుడ్డతో జిడ్డు తుడిచి, కాళ్ల కింద కాగితం మారుస్తాను. పాత కాగితం మీద నాలుగు గోధుమరంగు డెక్క గుర్తులుంటాయి.